కాగితం మీద మా అక్కకు తమ్ముడు లేడు

మా బావ కెనడా నుంచి మొదటిసారి వచ్చినప్పుడు మా ఇంట్లో నీళ్ళు తాగలేదు. అన్నం తిన్నాడు, మటన్ కూర మళ్ళీ మళ్ళీ వేయించుకున్నాడు, నీళ్ళకు మాత్రం తన సంచిలోంచి సీసా తీశాడు. మా ఆవిడ చెంబు పట్టుకుని నిలబడే ఉంది.

"ఏమనుకోకు చెల్లే, ఈ పటాన్‌చెరు నీళ్ళు మాకిప్పుడు పడుతలేవు," అన్నాడు.

ఆ "ఇప్పుడు" అన్న మాట నేను మరిచిపోలేదు. ఒకప్పుడు మా ఇంట్లోనే ఉండి, మా బోరు నీళ్ళే తాగి, మా అమ్మ చేతి జొన్నరొట్టె తిన్న మనిషి. బోరు నీళ్ళు పాడైన మాట నిజమే. ఫ్యాక్టరీలు పెరిగాక అవి పసుపురంగుకు తిరిగాయి, బిందెలో పట్టి ఉంచితే పైన తెట్టు కట్టేది. అందుకే తాగడానికి మేము ట్యాంకరు నీళ్ళు పట్టుకునేవాళ్ళం. చెంబులో ఉన్నవి ఆ ట్యాంకరు నీళ్ళే. ఆ సంగతి మా ఆవిడ చెప్పబోతే నేనే కళ్ళతో వద్దన్నాను. మా నీళ్ళకు మేము జామీను ఉండాలా?

అప్పటికి మా కంపెనీలో స్వచ్ఛంద పదవీ విరమణ పథకం పెట్టబోతున్నారని పుకారు. నేను టూల్‌రూమ్‌లో డైలు చేసేవాణ్ణి. రేకును ప్రెస్ కింద పెట్టి కావలసిన ఆకారంలో కత్తిరించే అచ్చు తయారుచేయడం నా పని. మంచి పనివాణ్ణని పేరు. కానీ నేను పని నేర్పినవాళ్ళు నాకే సూపర్‌వైజర్లయ్యారు, నేను మాత్రం "భూమి పోయినోళ్ళ కోటా మనిషి"గానే ఉండిపోయాను. పైగా మా ఆవిడకు దమ్ము, అంటే ఉబ్బసం. సాయంత్రం ఫ్యాక్టరీల గ్యాసు వాసన మొదలవగానే కిటికీలు మూసి మంచం మీద వంగి కూర్చునేది. సంగారెడ్డి డాక్టరు ఊరు మారమన్నాడు. ఈ రెండూ మనసులో పెట్టుకుని బావను అడిగాను.

"బావా, మీ దిక్కు మా అసుంటోళ్ళు వచ్చెటందుకు తొవ్వ ఏమన్నున్నదా? మొత్తానికే వచ్చెటట్టు?"

బావ మూతి తుడుచుకుంటూ నవ్వాడు. "నీ వయసెంత బామ్మర్దీ? ఆడ పడుసు పోరగాండ్లకే దొరుకుతలేదు. ముసలితనం ముంగట పెట్టుకున్నోణ్ణి ఏ దేశం దత్తత తీసుకుంటది?"

మా అక్క కూడా నవ్వింది. బావ నవ్వినందుకంటే అందుకే నాకు ఎక్కువ బాధ కలిగింది. ఎందుకంటే దత్తత అన్న మాట మా ఇంట్లో ఎవరైనా అనవచ్చు, మా బావ అనకూడదు. ఎందుకో చెబుతాను.

మాది పటాన్‌చెరు దగ్గర ఇంద్రేశం పక్క ఊరు. మా నాయన, పెద్దనాయన ఒకే వాకిట్లో ఉండేవాళ్ళు, పొయ్యిలు వేరు. పెద్దనాయనకు పిల్లలు లేరు. మా నాయనకు అక్క, నేను. ఎనభైల మొదట్లో కంపెనీ కోసం మా జొన్న చేలు తీసుకున్నారు. భూమి పోయిన ప్రతి ఇంటికి ఒక ఉద్యోగమన్నారు. పట్టాదారు కొడుకైనా చేరవచ్చు, అల్లుడైనా చేరవచ్చు. నాయన పేర ఒక ఉద్యోగం, పెద్దనాయన పేర ఒకటి. పిల్లలు లేని పెద్దనాయన ఉద్యోగం వృథాగా పోతుందని ఇంట్లో అందరికీ బెంగ.

మా బావకు అప్పుడు పని లేదు. జహీరాబాదు దిక్కు నుంచి అక్కతో వచ్చి మా ఇంట్లోనే ఉంటున్నాడు. ఒక మధ్యాహ్నం నులకమంచం మీద కూర్చుని ఉపాయం చెప్పింది ఆయనే.

"మామా, చేతికొచ్చిన నౌకరి ఇడిసిపెట్టుడెందుకు? బామ్మర్దిని పెద్దమామకు దత్తత ఇచ్చినట్టు రాపిద్దాం. ఆ నౌకరి ఆయన జేస్తడు. మీ దాంట్ల నేను జేరుత. రెండూ ఇంట్లనే ఉంటయి."

మా నాయన చుట్ట ఆర్పేసి కూర్చున్నాడు. "నేను బతికుండంగ నా కొడుకును ఇంకోని పేర రాసుడేంది అల్లుడా?"

"కాగితం మీదనే గద మామా! నెత్తురు మారుతదా?"

పెద్దనాయన మొహంలో సంతోషం దాచుకుంటున్నట్టు కనిపించింది. మా అమ్మ లోపలికి వెళ్ళిపోయింది. నేను ఐటీఐ పాసై సర్టిఫికెట్ చేతబట్టుకుని ఉన్నవాణ్ణి. నన్ను ఎవరూ అడగలేదు. నాయన ఉద్యోగం ఏ అబద్ధమూ లేకుండా నాకు రావలసినది. అది బావకు పోయింది. అబద్ధం నా వాటాకు వచ్చింది.

నన్ను చిన్నప్పుడే దత్తత ఇచ్చినట్టు పాత తేదీతో కాగితం పుట్టింది. ఊరి పెద్దలతో పాటు మా బావ కూడా సాక్షి సంతకం చేశాడు. ఆ పాత తేదీ నాటికి ఆయన మా అక్కను చూసి కూడా ఉండడు. ఎవరూ గమనించలేదు, లేదా గమనించదలచుకోలేదు. పెద్దనాయన దోస్తైన హెడ్మాస్టరు బడి కాగితాలు తిరగరాశాడు. ఆ తర్వాత రేషన్ కార్డు, పెళ్ళిపత్రిక, పాస్‌పోర్టు, అన్నింటిలో నా తండ్రి పెద్దనాయనే. మా ఊళ్ళో ఇదొక తప్పని ఎవరూ అనుకోలేదు. భూమి పోయిన ఊళ్ళలో ఇలాంటి కొడుకులు, అల్లుళ్ళు ఎందరో పుట్టారు. మా కులపోళ్ళు లడ్డూలు తిని వెళ్ళారు.

బావకు స్టోర్సులో నీడపట్టు పని దొరికింది. ఆ అనుభవం కాగితం పట్టుకునే ఆయన గల్ఫ్ వెళ్ళాడు, అక్కడి నుంచి భార్యాపిల్లలతో కెనడా. అంటే మా నాయన పొలం మీద నుంచే విమానం ఎక్కాడు. ఈ మాట నేను ఆయన మొహం మీద ఎప్పుడూ అనలేదు. అనవలసింది.

వాళ్ళు గల్ఫ్‌లో ఉన్నప్పుడు మా నాయన పోయాడు. దత్తత పోయిన కొడుకు కొరివి పెట్టకూడదని ఎవరో గొణిగారు. ఊరివాళ్ళే నోరు మూయించారు, "అది నౌకరి కోసం రాసుకున్నది, మాకెరుకలేదా" అని. కొరివి నేనే పెట్టాను. తర్వాత పెద్దనాయన పోతే ఆయనకూ నేనే పెట్టాను, కాగితం ప్రకారం. ఇద్దరికీ కొడుకు నేనే. ఉద్యోగం మాత్రం ఒక్కటే.

సరే, బావ నవ్విన మాటకు వస్తాను. వాళ్ళు తిరిగి వెళ్ళాక మా ఆవిడ అంది: "ఇదంత ఎందుకు? సంగారెడ్డి అవతల కొండాపూర్ దిక్కు మా అమ్మగారి ఊరికి పోదాం. ఆడ గాలి మంచిగుంటది. మా అన్నలు ఉండెటందుకు అర్ర ఇస్తమంటున్నరు."

"ఇల్లిటం పొమ్మంటవా నన్ను, ఈ వయసుల?"

"ఇల్లిటమేంది? నాకు దమ్ము ఆడుతలేదంటున్న."

ఆమె చెప్పింది నిజమే. కానీ అత్తగారి ఊళ్ళో పడి ఉండే అల్లుడంటే మా దిక్కు ఎంత చులకనో ఆమెకూ తెలుసు. పోతే మొత్తంగా పోవాలి, ఈ గాలి, ఈ కంపెనీ గేటు, ఈ నవ్వులు వెంట రాలేనంత దూరం పోవాలి అనుకున్నాను. బావ కాదన్న చోటికే పోవాలనుకున్నాను. అలా అనుకోవడంలో తప్పేముందో నాకు ఇప్పటికీ తెలియదు.

పంజాగుట్టలో విదేశాలకు పంపే ఆఫీసు ఒకటి పట్టుకున్నాను. అద్దాల గది, గోడ మీద మంచుకొండల ఫోటో. అక్కడి అమ్మాయి నాకంటే ముందు వచ్చిన కుర్రాళ్ళను సార్ అంది, నన్ను అంకుల్ అంది.

"పిల్లలెవరైనా ఫారిన్‌లో సెటిలయ్యారా అంకుల్? పేరెంట్స్‌ని పిలిపించుకోవచ్చు."

"ఒక్కతే బిడ్డ. సదాశివపేటల ఉంటది."

"పెట్టుబడి పెట్టి బిజినెస్ మీద వెళ్ళే ఆలోచన?"

నేను నా చెప్పుల వంక చూసుకున్నాను. ఆమె కూడా చూసింది.

"గల్ఫ్‌కైతే ఈజీ. కానీ అక్కడ శాశ్వతంగా ఉండనివ్వరు. పనిచేసినన్నాళ్ళే."

"నాకు మొత్తానికే పోవాలె."

అప్పుడు ఆమె కెనడా సంగతి చెప్పింది. అక్కడ మనిషికి మార్కులు వేస్తారట. చదువుకు, పనికి, ఇంగ్లీషుకు, వయసుకు. నా వయసుకు అప్పటికే మార్కులు తగ్గడం మొదలైంది, ఏటేటా ఇంకా తగ్గుతాయి, కొన్నేళ్ళకు అసలే ఉండవు. నా పనికి మాత్రం అక్కడ గిరాకీ ఉంది. లెక్క వేసి, పెదవి విరిచి, కొద్దిలో తప్పిపోతుందంది. తర్వాత ఏదో గుర్తొచ్చినట్టు, "అక్కడ అన్నగానీ అక్కగానీ ఉన్నారా అంకుల్? తోబుట్టువులుంటే దానికీ మార్కులున్నాయి. సరిపోతుంది," అంది.

"అక్క ఉన్నది," అన్నాను.

ఆ మాట అంత గట్టిగా నేను అంతకుముందు ఎప్పుడూ అనలేదు.

ఇంటికి వచ్చి చెప్పగానే మా ఆవిడ నమ్మలేదు. తర్వాత నమ్మింది. నమ్మాక అడిగిన మొదటి ప్రశ్న, "పచ్చిపులుసుకు చింతపండు దొరుకుతదా ఆడ?" అని. తర్వాత, "ఆ సలికి దమ్ము ఎక్కువైతదేమో?" అని. అక్కడ గాలి అద్దంలా ఉంటుందని చెప్పాను. నేనేమైనా చూశానా? అయినా చెప్పాను. ఆమె పెట్టె కిందికి దించి, ఉన్ని శాలువ తీసి ఎండలో వేసింది. ఆ కొన్నాళ్ళు గ్యాసు వాసన వచ్చినా తిట్టేది కాదు, ఇక ఎన్నాళ్ళులే అన్నట్టు కిటికీ మూసేది.

నా కాగితాలూ, అక్క కాగితాలూ తీసుకుని మళ్ళీ పంజాగుట్ట వెళ్ళాను. అక్క పదో తరగతి సర్టిఫికెట్ మా అమ్మ పోయేదాకా దాచిన ట్రంకులో దొరికింది. ఆ అమ్మాయి రెండూ పక్కపక్కన పెట్టి చూసింది.

"మీ ఫాదర్ పేరు వేరే ఉందేంటి అంకుల్?"

చెప్పాను. మొదటి నుంచి చెప్పాను, పొలాలు, ఉద్యోగాలు అన్నీ. ఆమె మర్యాదగా విన్నది.

"అయితే ఆవిడ మీకు పెదనాన్న కూతురో, బాబాయి కూతురో అవుతారు. కజిన్‌కు మార్కులు లేవు."

"ఒక్క తల్లి కడుపున పుట్టినమమ్మా."

"కాగితం మీద కాదు కదా అంకుల్."

వాళ్ళ పెద్దసారును పిలిచింది. ఆయన ఒక దారి ఉందన్నాడు. దత్తత జరగనే లేదు, ఉద్యోగం కోసం తప్పుగా రాయించుకున్నామని నేను కోర్టులో ప్రమాణపత్రం ఇవ్వాలి. అక్క కూడా ఇవ్వాలి. ఆనాటి సాక్షుల్లో బతికున్నవాళ్ళు ఇస్తే మంచిది. "కానీ మీ కంపెనీకి తెలిస్తే రిటైర్మెంటు డబ్బు ఆపవచ్చు, ఆలోచించుకోండి," అన్నాడు.

"ఆపితే ఆపనీయండి," అన్నాను.

నేను ఆలోచించుకోనే లేదు. నా నాయనకు నేను కొడుకునని చెప్పడానికి నాకు భయమేమిటి? సాక్షుల్లో ఊరి పెద్దలు అప్పటికే పోయారు. మిగిలింది మా బావ. అంటే కావలసినవి అక్క సంతకం, బావ సంతకం. అంతే.

ఆదివారం పొద్దున పటాన్‌చెరు బస్టాండు దగ్గరి టెలిఫోన్ బూత్‌కు వెళ్ళాను. మా ఆవిడ కూడా వచ్చి, బయట స్టూలు మీద కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని కూర్చుంది. అక్క ఎత్తింది.

"తమ్మీ! మంచిగున్నరా? చెల్లెకు దమ్ము ఎట్లున్నది?"

"ఎక్కువనే ఉన్నదక్కా. ఒక సంతకం గావాలె నీది." విషయం చెప్పాను. "ఉండు, మీ బావకిస్త," అంది.

"ఆ, చెప్పు బామ్మర్దీ."

మళ్ళీ చెప్పాను.

"అరే, ఎక్కడి ముచ్చట తీసినవు! మేమిప్పుడు ఈడ సిటిజన్లం. మేము వచ్చెటప్పుడే రాసిచ్చినం, మీ అక్కకు అన్నదమ్ములు లేరని. ఇప్పుడు ఒకడు మొలిసిండంటే మా మెడకు చుట్టుకుంటది."

"లేరని ఎట్ల రాస్తివి బావా?"

"కాగితం ఎట్లుంటే అట్ల రాసిన. దాంట్ల అబద్ధమేమున్నది?"

"నెత్తురు మారుతదా అని నువ్వే అంటివి గద."

ఎదురుగా గోడకున్న మీటరు మీద ఎర్రంకెలు మారుతున్నాయి. బావ గొంతు సవరించుకున్నాడు.

"గప్పటిది గప్పుడే. నీ మంచికే చెప్తున్న. ఈ వయసుల ఈ మంచుల వచ్చి ఏం జేస్తవు? చెల్లెను తీస్కొని కొండాపూర్ పోరాదు? ఆడ గాలి మంచిగుంటది."

"అక్కకియ్యి."

అక్క తీసుకుంది. ఏడుస్తున్నట్టుంది, లేదా జలుబు చేసిందేమో. "నేనేం జేయాల్రా తమ్మీ? ఆయన ఒద్దంటున్నడు," అంది.

నేను ఫోన్ పెట్టేశాను. బయటికి వస్తే మా ఆవిడ నా మొహం చూసి లేచి నిలబడింది. ఇంటికి వెళ్ళాక ఉన్ని శాలువ మడిచి పెట్టెలో పెట్టింది. దానికి నేను మా బావను క్షమించను. మిగతావన్నీ నాకు జరిగినవి. ఆ శాలువ మడవడం ఆమెకు జరిగింది.

ఆ శ్రావణంలో ఎప్పటిలాగే కవరులో రాఖీ వచ్చింది. ఏ సంవత్సరమూ తప్పలేదు, ఆ సంవత్సరమూ తప్పలేదు. పోస్ట్‌మ్యాన్‌ను ఆపి, తిరిగి పంపమన్నాను.

"రాఖీ కవరు లెక్కున్నది గద సార్?"

"ఆమెకు తమ్ముడు లేడు. రాయి, తీసుకోలేదని."

ఆయన మా ఆవిడ వైపు చూశాడు. ఆమె లోపలికి వెళ్ళిపోయింది. ఆయన కవరు మీద రాసుకుని పోయాడు.

ఆ స్వచ్ఛంద పథకం కింద కంపెనీ నన్ను పంపేసింది. పంజాగుట్ట ఆఫీసులో మరో దారేమైనా ఉందా అని అడుగుతూనే వచ్చాను. ఒకసారి న్యూజిలాండ్ అన్నారు, ఒకసారి ఆస్ట్రేలియా అన్నారు. ఎక్కడైనా మొదట అడిగేది వయసే. ఒక వానాకాలం పొద్దున మా ఆవిడ స్నానాల గదిలో ఊపిరి అందక కూలబడింది. సంగారెడ్డి ఆసుపత్రి నుంచి ఆమెను నేరుగా వాళ్ళ అన్నలు కొండాపూర్ దిక్కు తీసుకెళ్ళారు. నేను బట్టలు సర్దుకుని వెనక వెళ్ళాను. శాశ్వతంగా వెళ్ళడమంటే చివరికి అదే అయింది. పటాన్‌చెరు నుంచి ఎర్రబస్సులో పోయే దూరం.

వాళ్ళు మాకు ఇచ్చింది పశువుల కొట్టం పక్క గది. వాళ్ళు మంచివాళ్ళే. కానీ బంతిలో అల్లుళ్ళకు వడ్డించే వరస వేరువేరుగా ఉంటుంది, చుట్టపుచూపు అల్లుడికి ఒకటి, ఇల్లిటం అల్లుడికి ఒకటి. ఆ తేడా నాకు మొదటి పండుగకే తెలిసింది. మా ఆవిడకు మాత్రం ఆ చలికాలానికే ఊపిరి కుదుటపడింది. పెసర చేనులో కాయ ఏరడానికి వెళ్ళేది. అది చూసి సంతోషపడ్డాను. బావ చెప్పిన చోటే, బావ చెప్పిన గాలే ఆమెకు పడిందన్నది మాత్రం నాకు మింగుడు పడలేదు.

కొన్నేళ్ళకు అక్క ఒంటరిగా వచ్చింది. అదీ రాఖీ రోజుల్లోనే. జుట్టు తెల్లబడింది. మా గది గుమ్మంలో నిలబడి, పశువుల కొట్టం వంకా నా వంకా చూసింది. మా ఆవిడ కుర్చీ వేసి, బావి నీళ్ళు చెంబుతో ఇచ్చింది. అక్క గటగటా తాగేసింది.

"మంచిగున్నయి నీళ్ళు," అంది.

ఆమె సంచిలోంచి రాఖీ తీసి, "చెయ్యి జాపు తమ్మీ," అంది.

"నీకు తమ్ముడు లేడని రాసిచ్చినవు గద."

"నేను రాయలేదురా. మీ బావ రాసిండు."

"సంతకం?"

ఆమె రాఖీ దారాన్ని వేలికి చుట్టుకుంటూ విప్పుకుంటూ కూర్చుంది. "అందుకే వచ్చిన. మీ బావ ఒప్పుకున్నడు. ఆ ప్రమాణపత్రం తీస్కరా, ఇద్దరం పెడ్తం. ఆయన సంతకం నేను పంపిస్త."

మా ఆవిడ చేటలో బియ్యం ఏరడం ఆపింది.

"ఇప్పుడు నా వయసుకు మార్కుల్లేవక్కా," అన్నాను. "ఒక్కటి గూడ లేదు. నీ సంతకం పెట్టినా లెక్క తప్పుతది."

"అయ్యో, గట్లనా? మాకెరుకలేదురా."

అక్కకు తెలియకపోవచ్చు. అక్కడే ఉండి, వలస వచ్చేవాళ్ళ కాగితాలు ఎన్నో నింపి పెట్టే మా బావకు తెలియదంటే నేను నమ్మను. పనికిరాకుండా పోయిన రోజు చూసుకుని ఒప్పుకున్నాడు. తన పేరు మంచిదవుతుంది, తన మెడకూ చుట్టుకోదు. ఆనాడు నులకమంచం మీద కూర్చుని రెండు ఉద్యోగాలనూ ఇంట్లో నిలిపిన తెలివే ఇది.

నేను చెయ్యి చాపలేదు. అక్క రాఖీని కిటికీ కట్ట మీద పెట్టింది. మా ఆవిడ బతిమాలినా అన్నం తినలేదు. అలిగిందో, ఆకలి లేదో. సంచి పట్టుకుని బస్సు దాకా వెళ్ళాను, అంతవరకు చేయకుండా ఎలా ఉంటాను? బస్సు మెట్టు మీద నిలబడి, "మల్ల రాఖీ పంపుత. ఈ అడ్రసుకేనా?" అంది.

"కవరు మీద నన్ను ఎవని కొడుకని రాస్తవు?" అని అడిగాను.

కండక్టరు బెల్లు కొట్టాడు. ఆమె ఏమందో ఇంజను చప్పుడులో వినపడలేదు. మా ఆవిడ కిటికీ మీది రాఖీని తీసి దేవుడి గూట్లో పెట్టింది. నేను దాన్ని ముట్టలేదు.

ఆ తర్వాత అక్క దగ్గర నుంచి రాఖీ రాలేదు. రాలేదన్న కోపం కూడా నాకు ఉంది.